వెర్రిపట్టిన వంగచెట్టు

మా పావగడ తాలూకాలో వేరుశనగ తెగుళ్లను గురించి చెప్పేవారు వూరికి పదిమంది వుంటారు. పెరటి వంగచెట్టు జబ్బును పట్టించుకునేవారే తక్కువ. నేనూ పట్టించుకోలేదు, నష్టపోయేదాకా.

రెండేళ్ల క్రితం మా పెరట్లో ఇరవై వంగమొక్కలు నాటాము. వాటిలో ఒకటి తక్కినవాటికంటే గుబురుగా పెరిగింది. ఆకులు చూస్తే వేలిగోరంత. పిందె లేదు. వచ్చిన ఒకటి రెండు పూలు కూడా పచ్చబడి ఆకుల్లాగే అయిపోయాయి. పక్కింటి రైతు చూడగానే "ఇది వెర్రితెగులు, పెరికి కాల్చండి" అన్నాడు. మా అమ్మ ఒప్పుకోలేదు.

"ఇంత నిండుగా వున్న చెట్టును పెరకడానికి చెయ్యెట్లా వస్తుందిరా? ఎరువెక్కువై బలిసింది, అంతే. కొన్నాళ్లు పోతే అదే కాస్తుంది."

నేనూ వూరుకున్నాను. రెండు నెలలు తిరిగేసరికి మరి ఏడు చెట్లు అట్లాగే గుబురెత్తాయి.

దోషం ఎరువుది కాదు, దిష్టిదీ కాదు. సాయంత్రం దీపం చుట్టూ ముసిరే చిన్న పురుగులున్నాయి గదా, ఆ దీపపు పురుగుల జాతిలో ఒకటి యీ జబ్బును మోస్తుంది. జబ్బుచెట్టు రసం పీల్చినప్పుడు సూక్ష్మజీవులు దాని కడుపులో చేరతాయి. అక్కడే పెరిగి, కొన్ని వారాలకు లాలాజలంలోకి వస్తాయి. ఆపైన ఆ పురుగు బతికినన్నాళ్లూ వాలిన చెట్టుకల్లా జబ్బు అంటించగలదు. ఇవి బాక్టీరియాలోనే ఒక తెగ, పైగోడ లేనివి. చెట్టు ఆహారం ప్రవహించే నాళాల్లో కాపురముంటాయి. చాలాకాలం వీటిని వైరసు అనుకున్నారు. 1967లో జపాను శాస్త్రజ్ఞులు ఎలెక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో వీటిని మొదట చూసింది మల్బరీ మొదలైన మొక్కల్లో. మా తుమకూరు జిల్లాలో పట్టుపురుగుల మేతకు పెంచేదీ ఆ మల్బరీనే.

ద్రాక్షకూ ఇటువంటి గండమే వుంది. 1880 దశకంలో అమెరికాలోని కాలిఫోర్నియాలో, అనహైం ప్రాంతపు ద్రాక్షతోటలు వరుసగా నాశనమయ్యాయి. ఆకుల అంచులు మాడిపోయేవి, పండ్లు వడలిపోయేవి, చివరకు తీగే చచ్చేది. న్యూటన్ పియర్స్ అనే ఆయన 1892లో దాన్ని వర్ణించి వ్రాశాడు. తెగులుకు ఆయన పేరే నిలిచింది గాని కారణం ఆయనకు అందలేదు. అది బాక్టీరియా పని అని 1970 దశకంలో గాని రుజువు కాలేదు. ఆ బాక్టీరియా నీటి నాళాలను పూడ్చేస్తుంది. దాన్ని మోసే పురుగుకు వారాలు ఆగే పని కూడా లేదు. నోటిదారిలో అంటుకున్నది మరుసటి తీగెకు వెంటనే ఎక్కుతుంది.

వెర్రెత్తిన వంగచెట్టును కుదిర్చే మందు లేదు. టెట్రాసైక్లిన్ ఇస్తే కొన్నాళ్లు తేరుకుంటుందట. మానగానే మళ్లీ మామూలే. తొలి గుబురు కనబడినప్పుడే పెరికితే మిగిలిన మడి దక్కే అవకాశముంది. చుట్టూ వున్న ఉమ్మెత్త, బిళ్లగన్నేరు వంటివాటిలో కూడా యీ జబ్బు దాగి వుంటుంది గనుక వాటినీ చూసుకోవాలి.

ఈ యేడు మొదటి వెర్రిమొక్కను అమ్మే స్వయంగా పెరికి పొయ్యిలో పెట్టింది. తులసికోట పక్కనున్న బిళ్లగన్నేరుకు మొన్న రెండు పూలు ఆకుపచ్చగా పూశాయి. దాని జోలికి మాత్రం నన్ను పోనివ్వడం లేదు. పూజకు పూలు కావాలట.