రాతి నేల వట్టి నేల కాదు: నందిని మెట్టలు చెప్పే పాఠం

ఛత్తీస్‌గఢ్‌లోని దుర్గ్ జిల్లాలో, భిలాయ్ ఉక్కు నగరానికి ఉత్తరాన సుమారు 20 కిలోమీటర్ల దూరంలో నందిని ఉంది. భిలాయ్ ఉక్కు కర్మాగారానికి సున్నపురాయిని అందించిన గనులు ఇక్కడివే. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందంతో రూపుదిద్దుకున్న ఈ కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ 1959 ఫిబ్రవరిలో ప్రారంభమైంది. ఇనుప ఖనిజంలోని ఇసుక వంటి మలినాలను చిట్టెంగా వేరు చేయాలంటే కొలిమిలో సున్నపురాయి తప్పనిసరి. ఉపాధి కోసం వచ్చి భిలాయ్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు నందిని పేరు సుపరిచితమే. అయితే ఆ సున్నపురాయి మీద పలుచగా పరుచుకున్న నేల గురించి, దాని విలువ గురించి సాగిన చర్చ తక్కువ.

పైకి చూస్తే అది రాళ్లూ మొరమూ కలిసిన మెట్ట. వాన కురిసిన కొద్ది గంటలకే ఆరిపోతుంది. వేసవిలో గడ్డి ఎండి గోధుమ రంగుకు మారుతుంది. రెవెన్యూ లెక్కల్లో ఇటువంటి నేలకు తరచుగా దక్కే పేరు బంజరు. మట్టి శాస్త్రం మాత్రం దీనిని మరో విధంగా చూస్తుంది.

నాలుగు పేర్లు, ఒకే వాలు

ఛత్తీస్‌గఢ్ రైతులు తమ నేలలను నాలుగు రకాలుగా గుర్తిస్తారు. ఎత్తైన చోట మొరంతో నిండిన ఎర్రని నేల భాటా. దాని కింద పసుపు ఛాయ గల తేలికపాటి నేల మటాసీ. ఇంకా దిగువన బంకపాలు ఎక్కువైన డోర్సా. పల్లంలో నల్లగా, బరువుగా ఉండేది కన్హార్. వ్యవసాయ శాస్త్రవేత్తలు కూడా ఈ పేర్లనే వాడుతున్నారు. తెలంగాణ రైతు మెట్టన చల్కా నేలను, పల్లాన రేగడిని గుర్తించే తీరు కూడా ఇటువంటిదే.

ఈ నాలుగూ ఒకదానితో ఒకటి సంబంధం లేని నేలలు కావు. వాలు మీద కురిసిన వాన సన్నని మట్టి రేణువులను, కరిగిన లవణాలను పైనుంచి కిందికి చేరవేస్తుంది. బరువైన రాళ్లూ గులకలూ పైనే మిగులుతాయి. వేల ఏళ్లు ఇలా సాగగా ఎత్తున నిస్సారమైన నేల, పల్లాన సారవంతమైన నేల ఏర్పడ్డాయి. కన్హార్ పొలంలో పండే వరికి ఆధారమైన మట్టిలో కొంత భాగం ఒకప్పుడు మెట్ట మీద ఉన్నదే.

నందిని ప్రాంతంలో దీనికి మరో కారణం తోడైంది. ఇక్కడి సున్నపురాయి సుమారు 100 కోట్ల సంవత్సరాల కిందట, అంతకు ముందు, సముద్రం అడుగున ఏర్పడింది. సున్నపురాయి వాననీటికి నెమ్మదిగా కరుగుతుంది. రాతిలో నూటికి 90 పాళ్లు కరిగి నీటితో వెళ్లిపోతే, మట్టిగా మారడానికి మిగిలేది 10 పాళ్లే. అందుకే ఇటువంటి రాతి మీద నేల లోతు తక్కువ. ఒక్క సెంటీమీటరు మట్టి ఏర్పడటానికి వందల ఏళ్లు పట్టవచ్చు.

నీరు నిలవని నేల లెక్క

రాతి నేల స్వభావం ఒక చిన్న లెక్కతో తేటపడుతుంది. మీటరు లోతున్న బంకనేల, సెంటీమీటరుకు 2 మిల్లీమీటర్ల చొప్పున, మొక్కకు అందే నీటిని 200 మిల్లీమీటర్ల మేర దాచగలదనుకుందాం. రోజుకు 5 మిల్లీమీటర్లు ఖర్చయితే అది 40 రోజులకు సరిపోతుంది. అదే మొరం నేల లోతు 30 సెంటీమీటర్లే. అందులో సగం రాళ్లయితే మట్టి 15 సెంటీమీటర్లకు సమానం. సెంటీమీటరుకు 1.2 మిల్లీమీటర్ల చొప్పున అది దాచేది 18 మిల్లీమీటర్లు మాత్రమే. అంటే నాలుగు రోజులకైనా చాలదు.

ఛత్తీస్‌గఢ్ మైదానంలో ఏటా సుమారు 1,200 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. దానిలో అత్యధిక భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే పడుతుంది. ఆ నడుమ పది రోజులు వాన మొహం చాటేస్తే భాటా మీద వరి నిలవదు. గడ్డి మాత్రం నిలుస్తుంది. ఎండకు ఆకులు వాడినా వేళ్లు నిద్రాణంగా ఉండి, తిరిగి వాన పడగానే చిగురిస్తాయి. అందుకే ఇటువంటి మెట్టల్లో ఊరి పశువుల మేత, మోదుగ, రేగు, తునికి వంటి చెట్లు కనిపిస్తాయి. సాగు చేసేచోట అరికలు, సామలు, ఉలవలు, ఒలిసెలు వేస్తారు.

నీరు త్వరగా ఇంకిపోవడం లోపం మాత్రమే కాదు. వేరు కుళ్లు రాదు, మట్టిలోకి గాలి ఆడుతుంది. ఉపరితలంపై ఉన్న రాళ్లు వాన చినుకుల దెబ్బ నుంచి మట్టిని కాపాడతాయి, తేమ ఆవిరి కాకుండా కొంత అడ్డుకుంటాయి. కిందికి దిగిన నీరు సున్నపురాతి పగుళ్ల గుండా దిగువనున్న బావులకు చేరుతుంది. మెట్ట మీద గడ్డి దట్టంగా ఉన్నంతకాలం వాన ఇంకుతుంది. మేత మితిమీరి నేల బోడిబారితే అదే వాన మట్టిని కోసుకుపోతుంది. పల్లంలోని బావికి, ఎత్తులోని గడ్డికి సంబంధం ఇదే.

తవ్విన తరువాత

గని తవ్వకంలో మొదట తొలగించేది ఈ పైమట్టినే. రాయి కోసం తవ్వేటప్పుడు ఆ పలుచని పొరను మొరంతో, రాతి వ్యర్థాలతో కలిపి గుట్టగా పోస్తే అందులోని గడ్డి గింజలు, సూక్ష్మజీవులు, సేంద్రియ పదార్థం వృథా అవుతాయి. పైమట్టి దొరికేచోట దానిని వేరుగా తీసి భద్రపరచి, నేల పునరుద్ధరణకు వినియోగించాలని ఖనిజ సంరక్షణ, అభివృద్ధి నియమాలు చెబుతున్నాయి. గుట్టగా పోసిన మట్టి ఏళ్ల తరబడి నిల్వ ఉంటే జీవం కోల్పోతుంది కనుక, వీలైనంత త్వరగా తిరిగి పరచడం మేలు.

2020 జనవరిలో సుప్రీంకోర్టు మరో ముందడుగు వేసింది. తవ్వకం ముగిసిన తరువాత గని భూమిలో తిరిగి గడ్డి పెంచాలని, అది పశుగ్రాసానికి, మొక్కలకు, జంతుజాలానికి అనువుగా మారాలని, గనుల లీజులలో ఈ షరతు చేర్చాలని కేంద్రాన్ని ఆదేశించింది. పశువుల మేత భూమికి గని ప్రాంతాల్లో లభించిన అరుదైన గుర్తింపు ఇది.

నందినిలో తవ్వకం పూర్తయిన ప్రాంతంలో ఇటీవలి సంవత్సరాల్లో అడవి పెంపకం చేపట్టారు. ఇటువంటి చోట మొక్క బతకడం గోతి లోతు మీద, అందులో నింపిన మట్టి మీద, మొదటి రెండు మూడు వేసవుల సంరక్షణ మీద ఆధారపడుతుంది. అయితే రాతి నేలంతటా చెట్లే నాటాలన్న నియమం లేదు. లోతైన పగుళ్లు, మట్టి ఉన్నచోట చెట్టు, పలుచని పొర ఉన్నచోట గడ్డి, వాలుకు అడ్డంగా చిన్న కందకాలు అన్నది నేల స్వభావానికి తగిన పద్ధతి. గడ్డి ముందుగా నిలదొక్కుకుంటే దాని వేళ్లు మట్టిని పట్టి ఉంచుతాయి. ఆ తరువాత నీడకూ పక్షులకూ చెట్లు తోడవుతాయి.

భిలాయ్ కొలిమికి సున్నపురాయిని ఇచ్చిన నేల ఇది. రాయి తవ్వితే ఒక్కసారే వస్తుంది, గడ్డి కాపాడుకుంటే ఏటా వస్తుంది. నందిని వంటి గని ప్రాంతాల్లో పశువుల కాపరికి మేత, దిగువ రైతుకు బావిలో నీరు మిగలాలంటే, బంజరు అని రాసుకున్న ఆ జానెడు మట్టికి ముందుగా లెక్క కట్టాలి.