పని దొరికిన ఇల్లు

నెల జీతం వచ్చేవారికి ఒకటో తేదీ ఉంటుంది. పనికింత అని మాట్లాడుకుని బతికే మాబోటి వారికి ఆ తేదీ ఉండదు. మేము ఇంట్లో కూర్చుని అనువాదాలు చేస్తాం, ప్రూఫులు దిద్దుతాం. ఒక నెల నిద్రకే తీరిక ఉండదు, మరో నెల ఫోనే మోగదు. ఫోను మోగని నెలలోనే మా ప్రార్థన ఎక్కువవుతుందని ఒప్పుకోక తప్పదు!

అపొస్తలుడైన పౌలుదీ ఇంచుమించు ఇలాంటి బతుకే. క్రీ.శ. 50 ప్రాంతంలో ఆయన కొరింథుకు వచ్చినప్పుడు అక్కడ ఆయన్ని పోషించే సంఘమేదీ లేదు. యూదులంతా రోమా విడిచి వెళ్లాలన్న క్లౌదియ చక్రవర్తి ఆజ్ఞతో ఆ ఊరు చేరిన అకుల, ప్రిస్కిల్ల దంపతుల ఇంట్లో దిగాడు. వారింట్లోనే ఎందుకు? వారూ డేరాలు కుట్టేవారే కనుక అని అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయం సూటిగా చెబుతుంది. లోకం లెక్కలో ఒకే వృత్తివారు పోటీదారులు. ఇక్కడ మాత్రం ఒకే కప్పు కింద కలిసి కుట్టారు.

ఊరు కూడా పని దొరికే ఊరే. తూర్పున కెంక్రేయ, పడమట లెకాయం అని రెండు రేవులు. రెండేళ్లకోసారి దగ్గర్లోనే ఇస్త్మియన్ క్రీడలు. వచ్చేపోయే జనానికి, వర్తకులకు నీడ కావాలి కదా! పౌలు అందుకే కొరింథును ఎంచుకున్నాడని మేము అనం. కానీ ఏడాదిన్నర అక్కడున్నాడు. అయినా ఆయనకు అక్కరలు తప్పలేదు. కొరింథులో ఉండగా తన కొరత తీర్చింది మాసిదోనియ నుంచి వచ్చిన సహోదరులేనని తర్వాత ఆయనే రాశాడు. చేతిలో పనితనం, గుండెలో విశ్వాసం ఉన్నవాడికీ చేయి ఖాళీ అయింది. కాబట్టి పనిలేని సహోదరుణ్ణి చూసి 'విశ్వాసం చాలదు' అనడం మానుకోవడం మంచిది.

కొన్నేళ్ల కిందట ఒకచోట మాకు రావలసిన డబ్బు అయిదు నెలలు ఆగిపోయింది. భయంతో వచ్చిన పనల్లా ఒప్పుకున్నాం. శనివారం రాత్రి మొదలైన పని ఆదివారం ఆరాధనను మింగేసింది. తొందరలో తప్పులు దొర్లి, ఎప్పటినుంచో పనిచ్చే ఒకరు మమ్మల్ని పిలవడం మానేశారు. అప్పుడు ఆదుకున్నదెవరు? పోటీ అనుకుని మేము తప్పించుకు తిరిగిన తోటి అనువాదకుడు! తన చేతిలోని పుస్తకంలో సగం మాకిచ్చాడు. అప్పటినుంచి మాకు పని ఎక్కువైతే దాచుకోం, పంచుతాం. పని నిండా ఉన్న వారంలోనూ ఒక పూట పాత పరిచయస్థులను పలకరించడానికే ఉంచుకుంటాం. పని అయిపోయాక వెతికితే అప్పటికే ఆలస్యం.

మన సంఘాలకూ ఒక మాట. పాటల పుస్తకానికి డీటీపీ, సువార్త కూటాలకు ఫ్లెక్సీ, పండుగకు వీడియో... 'దేవుని పనే కదా' అంటూ చేయించుకుంటాం. కూలి పొద్దు గుంకకముందే ఇవ్వాలని ద్వితీయోపదేశకాండము ఆజ్ఞాపిస్తుంది. పొద్దు సంగతి అటుంచండి, క్రిస్మస్ పనికి ఈస్టర్ దాటినా డబ్బు అందనివారు మన మధ్యనే ఉన్నారు.

ఆ తోటి అనువాదకుడు మొన్న ఫోను చేశాడు. ఈసారి పనిలేనిది ఆయనకే. మా దగ్గరున్న పుస్తకంలో నాలుగు అధ్యాయాలు ఆ సాయంత్రమే పంపించాం.