మీకు తెలుసా? ప్యాసేజీలో అహోబిలం లేదు!

నంద్యాల అనగానే మహానంది, నవనందులు గుర్తొస్తాయి. బ్యాంకు పరీక్షలు రాసేవాళ్లకు మాత్రం ముందు గుర్తొచ్చేది కోచింగ్. ఎక్కడెక్కడి జిల్లాల నుంచో వచ్చి, హాస్టళ్లలో ఉండి పుస్తకాలతో కుస్తీ పట్టే ఊరది. లెక్కల్నీ రీజనింగ్‌నీ అలవోకగా చేసేసే కుర్రాళ్లు కూడా ఇంగ్లీషు ప్యాసేజీ దగ్గరికొచ్చేసరికి జంకుతారు.

జంకరా మరి! ఐబీపీఎస్ పీవో ప్రిలిమ్స్‌లో ఇంగ్లీషుకు 30 ప్రశ్నలు, 20 నిమిషాలు. అంటే ప్రశ్నకు 40 సెకన్లు. ప్యాసేజీ చదివే సమయం కూడా అందులోంచే తీయాలి. మిగతా రెండు సెక్షన్లలో ఎన్ని మార్కులొచ్చినా, ఇంగ్లీషు కటాఫ్ దాటకపోతే మెయిన్స్ ఊసే ఉండదు.

చిత్రమేమిటంటే, ఆప్షన్లిచ్చి టిక్కు పెట్టించే పరీక్ష పుట్టిందే చదివింది ఎంత అర్థమైందో కొలవడానికి. అమెరికాలోని కాన్సాస్‌లో ఫ్రెడరిక్ కెల్లీ 1915 ప్రాంతంలో బడిపిల్లల కోసం తయారుచేసిన మౌనపఠన పరీక్షను ఈ తరహాలో మొదటిదిగా చెబుతారు. దానికిచ్చిన సమయం ఐదే నిమిషాలు!

సరే, అసలు చిక్కు ఎక్కడుందో చూద్దాం. నంద్యాలకు నలభై కిలోమీటర్ల దూరంలోని ఆళ్లగడ్డ శిల్పుల మీద ఇలా ఒక ప్యాసేజీ వచ్చిందనుకోండి (పరీక్షలోది కాదు, ఇప్పుడు అల్లిందే): ‘ఆళ్లగడ్డ శిల్పులకు ఇతర రాష్ట్రాల నుంచీ ఆర్డర్లు వస్తాయి. కొందరు రాయిని యంత్రంతో కోస్తున్నారు. కళ్లు, పెదవులు మాత్రం చేతి ఉలితోనే చెక్కుతారు.’

దీన్నిబట్టి ఏం చెప్పవచ్చు? యంత్రాలొచ్చి చేతిపని పోయిందన్న ఆప్షన్ సులువుగానే తేలిపోతుంది. శిల్పులందరూ యంత్రాలు వాడుతున్నారన్నదీ కుదరదు, ప్యాసేజీ అన్నది ‘కొందరు’ అనే. ఆర్డర్లు ఇతర రాష్ట్రాల నుంచే వస్తాయన్నది ఇంకాస్త గడుసుది. ‘నుంచీ’కి, ‘నుంచే’కి మధ్య తేడా ఒక్క అచ్చే. తెలుగులో అది చెవికి ఇట్టే తగులుతుంది. ఇంగ్లీషులో ‘ఆల్సో’, ‘ఓన్లీ’ల దగ్గర అదే చెవి పనిచేయాలి. నాలుగోది: అహోబిలం ఆళ్లగడ్డకు దగ్గర. నూటికి నూరుపాళ్లు నిజం. స్థానిక కుర్రాడు మురిసిపోయి టిక్కు పెట్టేది దీనికే. కానీ ప్యాసేజీలో అహోబిలం మాటే లేదు! సన్నని పనికి ఇప్పటికీ చేయే కావాలన్న అయిదోదే జవాబు. ఆ మాట ప్యాసేజీలో నేరుగా లేదు, అయినా అందులోంచే వస్తుంది.

అలాగని విషయం తెలిసుండటం చేటేమీ కాదు. 1988లో రెక్ట్, లెస్లీ అనే పరిశోధకులు అమెరికా బడిపిల్లలకు బేస్‌బాల్ ఆట గురించిన కథనం ఒకటి ఇచ్చి చదివించారు. చదవడంలో వెనకబడినా ఆట తెలిసినవాళ్లే, బాగా చదవగలిగీ ఆట తెలియనివాళ్ల కంటే దాన్ని చక్కగా తిరిగి చెప్పగలిగారు. రెపో రేటు, ద్రవ్యోల్బణం అంటే ఏమిటో ముందే తెలిసినవాడికి ఆర్థిక ప్యాసేజీ సగం తేలికే. దానికి రోజూ తెలుగు పేపర్లో బిజినెస్ పేజీ చదివినా చాలునని నా అభిప్రాయం. తెలిసింది చదవడానికి వాడుకోవాలి, జవాబు మాత్రం ప్యాసేజీనే అడగాలి.

ఇంకో సంగతి. తప్పు జవాబుకు పావు మార్కు కోత. ఆప్షన్లు అయిదు కాబట్టి, గుడ్డిగా పెట్టుకుంటూ పోతే సగటున ఒకటి కలిసొచ్చేలోపు నాలుగు పావులు పోతాయి. మిగిలేది సున్నా. అదే ఒక్క ఆప్షన్‌ను కచ్చితంగా కొట్టేయగలిగినా లెక్క మీవైపు మొగ్గుతుంది. మీది ఆళ్లగడ్డ అయితే, ముందు అహోబిలాన్ని కొట్టేయండి!