ఐఈఎల్‌టీఎస్: బ్యాండు లెక్క, సాధన పద్ధతి

విదేశీ విశ్వవిద్యాలయంలో చేరాలన్నా, బ్రిటన్ వంటి దేశంలో నర్సుగా పేరు నమోదు చేయించుకోవాలన్నా, కెనడాకో ఆస్ట్రేలియాకో వలస వెళ్లేందుకు దరఖాస్తు పెట్టాలన్నా, ఇంగ్లీషు మాతృభాష కానివారు ఆ భాషలో తమ పని తాము నెగ్గించుకోగలరని ఏదో ఒక ప్రామాణిక పరీక్ష ద్వారా నిరూపించుకోవలసి ఉంటుంది. అటువంటి పరీక్షల్లో తెలుగు రాష్ట్రాల్లో బాగా వినిపించే పేరు ఐఈఎల్‌టీఎస్. వాడుకలో దాన్నే ఐల్ట్స్ అంటారు. ఈ పరీక్షకు నిర్ణీత పాఠ్యపుస్తకం లేదు, ఇన్ని పాఠాలని చెప్పే సిలబస్ లేదు, ఉత్తీర్ణత మార్కు కూడా లేదు. ఇది కొలిచేది అభ్యర్థికి ఎంత ఇంగ్లీషు తెలుసునన్నది కాక, తెలిసిన ఇంగ్లీషును అప్పగించిన పనికి, ఇచ్చిన సమయంలో ఎంత సమర్థంగా వాడగలడన్నది. అందువల్ల పదవ తరగతి, ఇంటర్ పరీక్షల అలవాటుతో పదాల జాబితాలు, నమూనా వ్యాసాలు వల్లెవేసేవారు ఎక్కువ కష్టపడి తక్కువ ఫలితం పొందుతారు. మార్కులు ఎక్కడ పడతాయో, ఎందుకు పోతాయో ముందుగా గ్రహించి సాధన చేసేవారు తక్కువ కాలంలోనే ముందుకు సాగుతారు.

బ్రిటిష్ విశ్వవిద్యాలయాల్లో చేరదలచిన విదేశీయుల భాషా సామర్థ్యాన్ని అంచనా కట్టడానికి 1980లో మొదలైన ఒక పరీక్షను సంస్కరించి, 1989లో ఐఈఎల్‌టీఎస్‌ను ప్రవేశపెట్టారు. బ్రిటిష్ కౌన్సిల్, ఆస్ట్రేలియాలో పుట్టిన ఐడీపీ, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ ముద్రణ, మూల్యాంకన విభాగం దీనికి ఉమ్మడి యజమానులు. దీనికంటే ముందుగా, 1964లోనే అమెరికాలో టోఫెల్ మొదలైంది. పియర్సన్ సంస్థ పీటీఈ అకడమిక్ 2009లో వచ్చి, జవాబులను ప్రధానంగా కంప్యూటర్ చేత దిద్దించే పద్ధతిని తెచ్చింది. ఐఈఎల్‌టీఎస్‌లో ఉన్నత చదువులకు, వృత్తిపరమైన నమోదుకు ఉద్దేశించినది అకడమిక్ కాగా, వలసకు, ఉద్యోగానికి ఎక్కువగా అడిగేది జనరల్ ట్రైనింగ్. వినడం, మాట్లాడటం అనే భాగాలు రెండింటికీ ఒకటే. చదవడంలోను, రాయడంలోను మాత్రం ప్రశ్నలు వేరు. ఏ సంస్థ ఏ పరీక్షను, అందులో ఏ రకాన్ని అంగీకరిస్తుందో ఆ సంస్థ వెబ్‌సైటులోనే చూసుకున్న తర్వాత ఫీజు కట్టడం క్షేమం. ఒక రకానికి బదులు మరొకటి రాసినవారి బ్యాండు ఎంత ఎక్కువైనా ఆ దరఖాస్తుకు పనికిరాకపోవచ్చు.

ఫలితాన్ని 0 నుంచి 9 వరకు, అర బ్యాండు తేడాలతో ప్రకటిస్తారు. నాలుగు నైపుణ్యాలకు నాలుగు బ్యాండ్లు వేసి, వాటి సగటును దగ్గరి అర బ్యాండుకు సవరించి మొత్తం బ్యాండుగా ఇస్తారు. సగటు చివర పావు వస్తే పైనున్న అరకు, ముప్పావు వస్తే పైనున్న పూర్తి అంకెకు పెంచుతారు. ఒక అభ్యర్థికి వినడంలో 7.5, చదవడంలో 7, రాయడంలో 6, మాట్లాడటంలో 6.5 వచ్చాయనుకుంటే మొత్తం 27, సగటు 6.75, ప్రకటించే బ్యాండు 7. ఆ అంకె చూసి సంతోషించిన అభ్యర్థి నర్సు అయితే, ఆమెకు బ్రిటన్ నర్సింగ్, మిడ్‌వైఫరీ మండలి గడప దాటడం కుదరదు. ఎందుకంటే ఆ మండలి వినడం, చదవడం, మాట్లాడటం ఒక్కొక్కదానిలో 7, రాయడంలో 6.5 అడుగుతుంది. అనేక విశ్వవిద్యాలయాలు కూడా మొత్తం బ్యాండుతో పాటు ఏ ఒక్క నైపుణ్యంలోను ఇంతకు తగ్గరాదని షరతు పెడతాయి. కనుక బలమైన నైపుణ్యాన్ని మరింత బలపరచి సగటు పెంచుకోవాలనే ఆలోచన చాలామంది విషయంలో అక్కరకు రాదు. సాధన సమయంలో పెద్ద వాటా బలహీనమైన నైపుణ్యానికే దక్కాలి.

వినికిడి పరీక్ష దాదాపు 30 నిమిషాలు సాగుతుంది. నాలుగు భాగాల్లో 40 ప్రశ్నలుంటాయి, రికార్డింగు ఒక్కసారే వినిపిస్తారు. మొదటి భాగం ఇల్లు అద్దెకు అడగడం, ప్రయాణానికి టికెట్లు బుక్ చేసుకోవడం వంటి దైనందిన సంభాషణ. చివరి భాగం విశ్వవిద్యాలయ ఉపన్యాసాన్ని పోలిన ప్రసంగం. ఇక్కడ మార్కులు పోయేది కఠిన పదాల వల్ల అనుకుంటారు గాని, తొలి భాగంలోనే అంకెలు, అక్షరక్రమం, మాట మార్పు అనేవి అభ్యర్థిని దెబ్బతీస్తాయి. సంభాషణలో ఒక వ్యక్తి మంగళవారం వస్తానని చెప్పి, అంతలోనే ఆ రోజు తీరిక లేదని గుర్తొచ్చి గురువారానికి మార్చుకుంటాడు. మొదట విన్నదాన్ని రాసేసి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయినవారికి ఆ మార్కు దక్కదు. థర్టీన్, థర్టీ అనే అంకెల మధ్య తేడాను ఊనిక పడే చోటును బట్టి పసిగట్టాలి. రెండు పదాలకు మించకుండా రాయాలన్న సూచన ఉన్నచోట మూడు పదాలు రాస్తే, అందులో సరైన జవాబు ఉన్నప్పటికీ అది తప్పే. స్పెల్లింగు తప్పినా అంతే. తప్పు జవాబుకు మార్కు కోత లేదు కాబట్టి ఖాళీ వదలడం మాత్రం తెలివితక్కువ. ఒకసారి విని జవాబులు రాశాక, అదే రికార్డింగును దాని లిఖిత పాఠంతో కలిపి మళ్లీ విని, ప్రతి తప్పు చెవికి అందనందువల్ల వచ్చిందా, అర్థం కానందువల్ల వచ్చిందా, తొందరపాటు వల్ల వచ్చిందా అని విడదీసి చూసుకోవడం కొత్త పరీక్షలు వరసగా రాస్తూ పోవడం కంటే మేలు చేస్తుంది.

చదివే భాగంలో 60 నిమిషాల్లో 40 ప్రశ్నలకు జవాబివ్వాలి. అకడమిక్ రకంలో మూడు దీర్ఘ పాఠాలుంటాయి. ప్రతి వాక్యాన్నీ చదివి పూర్తిగా అర్థం చేసుకోవాలని కూర్చుంటే మూడో పాఠానికి సమయం మిగలదు. పాఠం మొత్తాన్ని పైపైన చూసి ఏ పేరాలో ఏ విషయముందో పట్టుకోవడం, ఆ తర్వాత పేర్లు, సంవత్సరాలు, ప్రత్యేక పదాల ఆధారంగా జవాబున్న చోటికి చేరడం, అక్కడికి చేరాక మాత్రం ఆచితూచి చదవడం అనే మూడు దశల పద్ధతిని అలవరచుకోవాలి. అభ్యర్థులను బాగా తికమకపెట్టేది ఒప్పు, తప్పు, సమాచారం లేదు అనే మూడు విధాల జవాబుల ప్రశ్న. పట్టణంలోని గ్రంథాలయాన్ని ఒక వర్తకుడు పూర్తిగా సొంత ఖర్చుతో కట్టించాడని పాఠంలో ఉందనుకుందాం. దాన్ని ప్రభుత్వ నిధులతో కట్టారనే వాక్యం పాఠానికి విరుద్ధం గనుక తప్పు. ఆ వర్తకుడికి పుస్తకాలంటే మక్కువ అనే వాక్యం నిజమే అయి ఉండవచ్చనిపించినా పాఠం ఆ విషయం చెప్పలేదు గనుక సమాచారం లేదు. లోకజ్ఞానంతో ఊహించి జవాబివ్వడం ఇక్కడి ప్రధాన దోషం. పాఠంలో ఏ వాక్యం ఆధారంగా ఆ జవాబు ఎంచుకున్నారో వేలుపెట్టి చూపించగలిగినప్పుడే దాన్ని ఖాయం చేసుకోవాలి.

ఎక్కువమంది బ్యాండు 6 దగ్గర ఆగిపోయేది రాతలో. గంట వ్యవధిలో రెండు రచనలు చేయాలి: అకడమిక్ వారికి మొదటిది గ్రాఫునో, పట్టికనో, మ్యాపునో వివరిస్తూ 150 పదాలకు తగ్గని రచన, జనరల్ వారికి ఉత్తరం, రెండోది ఇద్దరికీ 250 పదాలకు తగ్గని వ్యాసం. వ్యాసానికి మొదటి రచనకంటే రెట్టింపు విలువ ఉంది, కాబట్టి గంటలో 40 నిమిషాలు దానికే కేటాయించడం సబబు. అడిగినదానికి జవాబు, పొందిక, పదసంపద, వ్యాకరణం అనే నాలుగు ప్రమాణాలతో సమాన పాళ్లలో దిద్దుతారు. ఏ బ్యాండుకు ఏ లక్షణాలు ఉండాలో తెలిపే పట్టికను పరీక్ష సంస్థలు బహిరంగంగానే అందుబాటులో ఉంచాయి. దాని ప్రకారం 6 బ్యాండు వ్యాసంలో ప్రధానాంశాలు సందర్భానికి తగినవే అయినా కొన్ని సరిగా విస్తరించి ఉండవు, వాక్యాలను కలిపే పదాలు యాంత్రికంగా పడతాయి. 7 బ్యాండు వ్యాసంలో ప్రతి అంశాన్నీ విస్తరించి, ఆధారం చూపి నిలబెడతారు, తప్పుల్లేని వాక్యాలు తరచుగా కనిపిస్తాయి.

ఈ తేడాను ఒక ప్రశ్నతో చూపవచ్చు. నగరాల్లో బస్సు ప్రయాణం అందరికీ ఉచితం చేయాలనే అభిప్రాయంతో ఎంతవరకు ఏకీభవిస్తారని అడిగారనుకుందాం. దీనివల్ల కాలుష్యం తగ్గుతుంది, పేదలకు మేలు జరుగుతుంది, ట్రాఫిక్ తగ్గుతుంది అని మూడు మాటలు వరసగా పేర్చి వాటి మధ్య ఫర్దర్‌మోర్, మోరోవర్ అనే పదాలు అతికించిన వ్యాసం 6 దగ్గరే నిలుస్తుంది. మరొక అభ్యర్థి పేదల విషయాన్ని మాత్రమే ఎత్తుకొని, రోజూ రెండు బస్సులు మారి పనికి వెళ్లే వ్యక్తి సంపాదనలో ఛార్జీలకు పోయే వాటా ఎంత భారమో చెప్పి, ఛార్జీ లేకపోతే దూరంగా ఉన్న మెరుగైన పనికి వెళ్లే వీలు కలుగుతుందని ముందుకు సాగి, అయితే బస్సుల సంఖ్య పెంచకుండా ఛార్జీ ఎత్తేస్తే రద్దీలో వారికే ఇబ్బంది అని తన సమ్మతికి హద్దు గీసుకుంటాడు. ఇతని పదాలు సులువైనవే కావచ్చు. ఆలోచన ఒక వాక్యం నుంచి మరో వాక్యానికి సాగుతుంది గనుక పరీక్షకులు కోరే విస్తరణ, పొందిక రెండూ అందులో ఉన్నాయి.

తెలుగువారు తమ వ్యాసాలను దిద్దుకునేటప్పుడు తెలుగు వాక్య నిర్మాణం నుంచి జొరబడే తప్పులను ప్రత్యేకంగా వెతకాలి. తెలుగులో ఎ, యాన్, ద వంటి ఉపపదాలు లేవు గనుక అవి రాయవలసిన చోట జారిపోవడం, రాయకూడని చోట పడటం సర్వసాధారణం. తెలుసు, ఉంది, ఇష్టం వంటి స్థితిని తెలిపే అర్థాలకు ఐ యామ్ నోయింగ్, ఐ యామ్ హావింగ్ అని జరుగుతున్న పనిని తెలిపే రూపాలు వాడటం భారతీయ ఇంగ్లీషులో పరిపాటి అయినా, పరీక్షలో వ్యాకరణ మార్కు తగ్గిస్తుంది. తెలుగులో విశేషణ వాక్యం నామవాచకానికి ముందు వస్తే ఇంగ్లీషులో హూ, విచ్ వంటి పదాలతో తర్వాత వస్తుంది. ఈ తేడా పట్టుబడనివారి దీర్ఘ వాక్యాలు నడుమ తెగిపోతాయి. ఇటువంటి తప్పులను ఒక నోటుబుక్కులో రకాలవారీగా రాసుకొని, ప్రతి వ్యాసం ముగిశాక చివరి మూడు నిమిషాలు ఆ జాబితాతోనే సరిచూసుకుంటే, కొద్ది వారాల్లో పునరావృతమయ్యే తప్పులు చాలావరకు వదిలిపోతాయి.

మాట్లాడే పరీక్ష ఒక పరీక్షకుడితో 11 నుంచి 14 నిమిషాల ముఖాముఖి సంభాషణ. మొదట ఇల్లు, ఊరు, చదువు గురించి పరిచయ ప్రశ్నలు; తర్వాత ఒక కార్డుపై ఇచ్చిన అంశాన్ని నిమిషం ఆలోచించుకొని, ఒకటి నుంచి రెండు నిమిషాలు ఆపకుండా చెప్పడం; చివర అదే అంశాన్ని సమాజానికి అన్వయించే లోతైన చర్చ. ధారాళత, పదసంపద, వ్యాకరణం, ఉచ్చారణ అనే నాలుగింటికి సమాన విలువ. విదేశీ యాస పెట్టి మాట్లాడితేనే బ్యాండు వస్తుందనేది అపోహ. మాట స్పష్టంగా అర్థమవుతున్నంతవరకు తెలుగు యాసకు కోత పడదు. అయితే బస్సు, రోడ్డు అన్నట్లుగా ప్రతి మాటనూ అచ్చుతో ముగించడం, ఊనిక లేకుండా అన్ని అక్షరాలనూ ఒకే బరువుతో పలకడం వినేవారికి శ్రమ కలిగిస్తాయి గనుక వాటిపై దృష్టి పెట్టాలి. కంఠస్థం చేసిన జవాబులను పసిగట్టడంలో పరీక్షకులకు శిక్షణ ఉంటుంది, చిన్న ఉపప్రశ్న వేస్తే చాలు వల్లెవేత తెగిపోతుంది. రోజుకొక అంశంపై రెండు నిమిషాలు మాట్లాడి ఫోనులో రికార్డు చేసుకొని, ఎక్కడ ఆగారో, ఏ మాటను పదేపదే వాడారో విని, అదే అంశాన్ని మళ్లీ మాట్లాడటం ఖర్చులేని మంచి సాధన.

ఇక సన్నాహం ఏ క్రమంలో సాగాలన్నది చూస్తే, మొదటి పని ఒక పూర్తి నమూనా పరీక్షను గడియారం పెట్టుకొని రాయడం. కేంబ్రిడ్జి ప్రచురించే ప్రశ్నపత్రాల సంపుటాలు అసలు పరీక్షకు బాగా దగ్గరగా ఉంటాయి. వినడంలోను, అకడమిక్ చదవడంలోను 40కి సుమారు 23 సరైనవైతే 6, 30 అయితే 7 బ్యాండు వస్తుందని గుర్తుంచుకుంటే స్వయంగా అంచనా కట్టుకోవచ్చు. వినడం, చదవడం ఇంట్లో కూర్చుని సొంతంగా మెరుగుపరచుకోగలిగినవి. రాత, మాట మాత్రం మరొకరు దిద్దనిదే మెరుగుపడటం కష్టం. అమీర్‌పేటలోనో విజయవాడలోనో కోచింగ్ సెంటర్‌లో చేరేవారు ఎన్ని తరగతులు చెబుతారన్నది కాక, ఎన్ని వ్యాసాలను ఆ నాలుగు ప్రమాణాల ప్రకారం దిద్ది ఇస్తారన్నది అడగాలి. అచ్చంగా పరీక్షలో వచ్చే ప్రశ్నలు ముందే ఇస్తామనేవారిని నమ్మరాదు.

పరీక్ష తేదీని ఎంచుకోవడంలో ఫలితం చెల్లుబాటును కూడా లెక్కలోకి తీసుకోవాలి. సాధారణంగా అది రెండేళ్లే గనుక మరీ ముందుగా రాసినవారు మళ్లీ రాయవలసి రావచ్చు, దరఖాస్తు గడువు నెత్తిమీదికి వచ్చాక రాసినవారికి రెండో ప్రయత్నానికి వ్యవధి ఉండదు. కంప్యూటర్‌పై రాసినవారికి ఒకే నైపుణ్యంలో తక్కువ వస్తే, ఆ సౌకర్యం ఉన్న కేంద్రాల్లో 60 రోజుల లోపు దాన్ని ఒక్కదాన్నే తిరిగి రాసే వీలుంది, అయితే ఆ ఫలితాన్ని అన్ని సంస్థలూ అంగీకరించవు. వరసగా రెండు మూడు నమూనా పరీక్షల్లో కోరుకున్న బ్యాండు, అదీ ప్రతి నైపుణ్యంలోను, వచ్చిన తర్వాత ఫీజు కడితే అదృష్టంపై ఆధారపడే అవసరం తగ్గుతుంది. పైగా ఈ విధంగా సాధన చేసినవారు ఉపన్యాసం విని ముఖ్యాంశాలు రాసుకోవడం, దీర్ఘ పాఠంలో కావలసింది వెతికి పట్టుకోవడం, ఒక అభిప్రాయాన్ని ఆధారంతో నిలబెట్టడం నేర్చుకుంటారు. విదేశీ తరగతి గదిలోను, ఆసుపత్రి వార్డులోను మొదటి వారం నుంచే అవసరపడేవి అవే. కంఠస్థం చేసిన వ్యాసాలతో ఎలాగో బ్యాండు తెచ్చుకున్నవారు మాత్రం ఆ పనులన్నీ అక్కడికి వెళ్లాక, అంతకంటే ఖరీదైన పరిస్థితుల్లో, మొదటి నుంచి నేర్చుకోవలసి వస్తుంది.