మీకు తెలుసా? కప్పకూ పళ్లుంటాయి
చాలా కప్పజాతులకు పై దవడ అంచున సూక్ష్మదంతాలు, నోటి పైకప్పున అంగిలి పళ్లు ఉంటాయి. మన ఇళ్ల చుట్టూ తిరిగే బుడిపెల కప్పల కుటుంబానికి మాత్రం అసలు పళ్లే లేవు. పళ్లున్న కప్పల్లో అవి నమలడానికి కాక, దొరికిన ఎర జారిపోకుండా పట్టి ఉంచడానికే ఉపయోగపడతాయి.

పలు దేశాల్లో ఇళ్లలో పెంచుకునే అర్జెంటీనా కొమ్ముకప్ప ఎరను గట్టిగా పట్టుకోవడానికి చక్కని ఉదాహరణ: దాని నాలుక తన శరీర బరువును మించిన బలంతో ఎరను అంటిపెట్టుకోగలదు; కింది దవడపై కోరల్లా పొడుచుకొచ్చినవి నిజమైన పళ్లు కావు, ఎముక మొనలు, అయినా పెంపకందారుల వేలిని గాయపరచగలవు.

అన్నిటికంటే విశేషమైనది మింగే తీరు: అనేక కప్పల్లో కనుగుడ్లు లోనికి కుంగి, నోటి పైకప్పును కిందికి నొక్కి, నమలని ఆహారాన్ని గొంతులోకి నెట్టడంలో తోడ్పడతాయి.