వాసనను సంచిలో పట్టుట: అపోహలు – వాస్తవాలు

మాచెర్లనుండి నాగార్జునసాగరమునకు పోవు దారిలో, చంద్రవంక, నక్కలవాగు, తుమ్మలవాగు ఏకమై సుమారు 70 అడుగుల ఎత్తునుండి దుముకు ఎత్తిపోతలయొద్ద, ఒకవంక జలపాతపు తుంపురులును, మరియొకవంక దిగువనున్న మొసళ్ల పెంపక కేంద్రమును గల ఆ లోయలో, గాలియందలి వాసన ఎచటినుండి వచ్చుచున్నదో తేల్చుటకు ఎవరేని పూనుకొన్నచో, వారు మొదట చేయవలసినది ఆ గాలిని చెడకుండ పట్టి పరీక్షాశాలకు చేర్చుట. చూచుటకు సులభముగ తోచు ఈ పనిని గూర్చి పెక్కు అపోహలు వ్యాపించియున్నవి. కర్మాగారమునుండియో, చెత్తకుప్పనుండియో వచ్చు దుర్గంధముపై ప్రజలు చేయు ఫిర్యాదు నిలుచుటయు వీగుటయు తరచుగా ఇట్లు పట్టిన గాలి నమూనామీదనే ఆధారపడియుండును గనుక, ఆ అపోహలను తొలగించుకొనుట అత్యావశ్యకము.

అపోహ: ఏ ప్లాస్టిక్ సంచిలో పట్టినను గాలి గాలియే.

వాస్తవము: సాధారణమైన పాలిథీన్ సంచి తన వాసనను గాలికిచ్చును, గాలిలోని వాసనను తాను పీల్చుకొనును. అందుచేతనే టెడ్లార్, నాలోఫాన్, టెఫ్లాన్ జాతి పొరలతో చేసిన సంచులను వాడుదురు. ఇవియు సర్వథా నిర్దోషములు కావు: క్రొత్త టెడ్లార్ సంచి ఫీనాల్ మున్నగువాని గంధమును వెలువరించును, నాలోఫాన్ పొరగుండ అమ్మోనియా, హైడ్రోజన్ సల్ఫైడ్ మెల్లమెల్లగ జారిపోవును. కావున సంచిని వాసనలేని గాలితో శుభ్రపరచి, పట్టదలచిన గాలితోనే ఒకమారు నింపి ఖాళీచేసి, పిమ్మట నమూనాను గ్రహింపవలెను.

అపోహ: పంపుతో గాలిని లాగి సంచిలోనికి నెట్టిన చాలును.

వాస్తవము: అట్లు చేసినచో పంపులోని రబ్బరు వాసనయు, వెనుకటి నమూనాల శేషమును క్రొత్త గాలిలో కలియును. ఖాళీ సంచిని గట్టి పెట్టెలోనుంచి, దాని మూతికి తగిలించిన గొట్టమును వాసనగల చోటికి చాచి, పెట్టెలోని గాలిని మాత్రమే పంపుతో తీసివేయుదురు. పెట్టెలో ఒత్తిడి తగ్గినకొలది సంచి తానై విచ్చుకొని, పంపును తాకని గాలిని లోనికి గ్రహించును. రొమ్ము విచ్చుకొనగా ఊపిరి నిండునట్లే యిదియు జరుగును గనుక దీనిని ఊపిరితిత్తుల పద్ధతి యందురు.

అపోహ: మూతి బిగించిన గాలి ఎన్నాళ్లైనను అట్లే యుండును, ఫ్రిజ్‌లో పెట్టినచో ఇంకను మేలు.

వాస్తవము: సంచిలోని గాలి క్షణక్షణము మారుచునే యుండును. 2003 నాటి ఐరోపా ప్రమాణము ఇఎన్ 13725 నమూనాను 30 గంటలలోపల పరీక్షింపవలెనని విధించినది. ఎంత త్వరగా పరీక్షించిన అంత మేలు. మాచెర్లతోబాటు, వేసవిలో 45 డిగ్రీలు దాటు రెంటచింతలయు గల ఈ పల్నాటిలో, సంచులను ఎండ తగులునట్లు వాహనములో పడవేసి తెచ్చినచో, వెలుగును వేడియు కలిసి ఆ గాలి స్వభావమునే మార్చివేయును. అట్లని అతిశీతలమును హితము కాదు. జలపాతముచెంత పట్టిన తేమగాలిని చల్లబరచినచో సంచిలోపల నీరు పేరుకొని, అమ్మోనియా వంటివి అందులో కరిగిపోవును. తేమ మిక్కుటమైనచోట, పట్టునప్పుడే పొడి నైట్రోజన్‌ను కొలత ప్రకారము కలిపి, ఆ పాలును వ్రాసియుంచుట సరియైన మార్గము.

అపోహ: ఏ వేళ పట్టినను ఒక్కటే.

వాస్తవము: మధ్యాహ్నము నేల కాగి గాలి పైకి లేచి చెదరిపోవును, గాలి స్తంభించిన రాత్రులయందు చల్లగాలి పల్లములకు దిగి, వాసనను వేకువవరకు అచటనే నిలిపియుంచును. రాత్రి బాధకు పగటి నమూనా సాక్ష్యము కానేరదు. స్థలము, సమయము, గాలి దిక్కు, ఉష్ణోగ్రత వ్రాయని సంచి ఎంత జాగ్రత్తగ పట్టినదైనను సగము వ్యర్థమే.

అపోహ: ముక్కుకంటె యంత్రమే నమ్మదగినది.

వాస్తవము: గ్యాస్ క్రోమటోగ్రాఫ్ అను యంత్రము గాలిలో ఏ ద్రవ్యమెంత యున్నదో చెప్పును గాని, అవన్నియు కలిసి మనిషికెట్లు తోచునో చెప్పజాలదు. అందులకై కనీసము నలుగురు పరీక్షకులు కావలెను. బ్యూటనాల్ వాసనను శతకోటి పాళ్లలో 20 మొదలు 80 పాళ్ల నడుమ గుర్తింపగలవారినే యెన్నుకొని, నమూనాను శుద్ధమైన గాలితో పలుచచేసి వారిచేత వాసన చూపింతురు. సగము మంది మాత్రమే కనుగొనగలుగునంతవరకు ఎన్ని రెట్లు పలుచచేయవలసివచ్చినదో, అదియే ఆ వాసన కొలత.

అపోహ: వాసన లేనిచో అపాయము లేదు.

వాస్తవము: కార్బన్ మోనాక్సైడ్‌కు వాసనయే లేదు. హైడ్రోజన్ సల్ఫైడ్ పదిలక్షల పాళ్లలో నూరు పాళ్లకు చేరునప్పటికి ఘ్రాణశక్తినే మొద్దుబార్చును. వాసన పోయినదని సంతసించువాడు ప్రాణాపాయములో నున్నవాడు. కావున వాసన పరీక్షతోబాటు విషవాయువుల పరీక్షయు వేరుగ జరుగవలెను.

దుర్గంధమును భరించువాడు దానిని చేతితో చూపలేడు. వాని పక్షమున మాటాడగలది ఆ సంచియొక్కటే. నమూనా పట్టవచ్చినవారిని, సంచి యేదో, ఎట్లు నింపిరో, ఏ వేళ పట్టిరో, ఎన్ని గంటలలో పరీక్షింతురో అడిగి తెలిసికొనుట ప్రతి గ్రామస్థుని హక్కు. విసుగుకొనక బదులు చెప్పుట వారి ధర్మము.