నొప్పి లేని చెవి చీము

పిల్లకు చెవిపోటు వస్తే ఇంటిల్లిపాదీ మేలుకుంటారు. నొప్పి తగ్గి చీము మాత్రం కారుతుంటే, పెద్దయితే అదే పోతుందిలే అని ఊరుకుంటారు. నిజానికి ఎక్కువ అనుమానించవలసింది ఈ రెండో చెవినే.

ముక్కు వెనుక భాగాన్ని మధ్యచెవితో కలిపే యూస్టేషియన్ నాళం పసివయసులో పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. అందువల్ల జలుబు చేసినప్పుడు క్రిములు సులువుగా మధ్యచెవికి చేరతాయి. అక్కడ చీము పట్టి ఒత్తిడి పెరిగితే కర్ణభేరికి చిల్లు పడుతుంది. చీము బయటపడగానే నొప్పి తగ్గుతుంది. చాలామంది పిల్లల్లో ఆ చిల్లు కొన్ని వారాల్లో దానంతటదే పూడుకుంటుంది. దీనికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని వైద్యుడు చాలు. ఆయన చెప్పిన మందు పూర్తిగా వాడాలి. శుభ్రమైన నూలుగుడ్డను వత్తిలా పేని చెవిలో ఉంచి, తడిసిన ప్రతిసారీ మారుస్తూ, రోజుకు కనీసం 3 సార్లు చెవిని ఆరబెట్టాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు 14 రోజులను హద్దుగా పెట్టాయి. ఆ పైన కూడా కారుతుంటే అది దీర్ఘకాలిక వ్యాధి. చెవిని ఆరబెడుతూ సిప్రోఫ్లాక్సాసిన్ వంటి చుక్కలు రెండు వారాలు వేసినా ఆగకపోతే, లేదా ఆగి మళ్లీ మళ్లీ వస్తుంటే, చెవి ముక్కు గొంతు నిపుణుడి దగ్గరికి పంపాలి. వినికిడి తగ్గినట్టు తోచినా, మాటలు ఆలస్యమవుతున్నా, అంగిలి చీలికతో పుట్టిన బిడ్డయినా అంతవరకు ఆగనక్కరలేదు.

రోజుల లెక్కకు అందనిది కొలెస్టియటోమా. కర్ణభేరి పైభాగం లోపలికి గుంజుకుపోయి సంచిలా మారుతుంది. చర్మం నుంచి రాలే పొట్టు అందులో పేరుకుంటూ, చుట్టూ ఉన్న ఎముకను తినేస్తుంది. ధ్వనిని లోపలికి చేరవేసే బుల్లి ఎముకలు ముందు అరిగిపోతాయి. ఆ తర్వాత ముఖనాడికీ, శరీర సమతుల్యాన్ని కాపాడే లోపలి చెవికీ, చివరికి మెదడు పొరలకూ ముప్పు. ఇంత జరుగుతున్నా కారేది కొద్దిపాటి చీమే. నొప్పి ఉండకపోవచ్చు. కుళ్లు వాసన మాత్రం తరచుగా ఉంటుంది. మందులతో ఇది నయం కాదు, శస్త్రచికిత్స చేయాలి. కాబట్టి కర్ణభేరి పైభాగంతో సహా మొత్తం కనబడనిదే ఏ వైద్యుడూ భయం లేదని చెప్పకూడదు. చీము అడ్డుపడి కనబడకపోతే, నా దృష్టిలో, పెద్దాసుపత్రికి పంపడానికి అదొక్కటే చాలిన కారణం.

కొన్ని లక్షణాలు కనిపిస్తే అదే రోజు ఆసుపత్రికి చేరాలి. చెవి వెనుక ఎముక మీద వాపు, ముట్టుకుంటే నొప్పి, చెవి ముందుకు పొడుచుకు రావడం, మూతి ఒక పక్కకు పోవడం, కళ్లు తిరిగి తూలడం, తీవ్రమైన తలనొప్పితో వాంతులు, మెడ బిగుసుకోవడం, పిల్ల మగతగా పడి ఉండడం అలాంటివి. నెలల బిడ్డ చెవి కారుతూ జ్వరం వచ్చినా అంతే. తలకు దెబ్బ తగిలాక చెవి నుంచి నీళ్లలాంటి ద్రవమో, నెత్తురో వస్తే అందులో మెదడు చుట్టూ ఉండే ద్రవం ఉండవచ్చు. అప్పుడు చెవిలో ఏమీ వేయకూడదు. బొమ్మల్లో వాడే బిళ్ల బ్యాటరీ చెవిలో దూరితే గంటల్లోనే లోపల కాలిపోతుంది. చుక్కల మందు వేస్తే హాని ఇంకా పెరుగుతుంది.

మన ఇళ్లలో వెల్లుల్లి కాచిన నూనె, ఆకు పసరు పోసే అలవాటు ఇంకా పోలేదు. చిల్లుపడిన చెవిలో ఇవన్నీ నేరుగా మధ్యచెవికి దిగుతాయి. పాత చీటీ చూపించి దుకాణంలో కొనే చుక్కలతోనూ జాగ్రత్త అవసరం. జెంటామైసిన్ వంటివి లోపలి చెవికి చేరితే వినికిడిని దెబ్బతీయగలవు.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకు, ప్రభుత్వ బడులకు వస్తాయి. వాళ్లు వచ్చిన రోజున పిల్ల చెవి పొడిగా ఉండవచ్చు. అందుకే అది ఎన్నాళ్లుగా కారుతోందో, వాసన వస్తోందో లేదో తల్లిదండ్రులే అడగకముందే చెప్పాలి.